గళ్లబట్టలో తాతలు

ఇంటర్మీడియట్‌లో నా దగ్గర తెలుగు చదువుకుని, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న విద్యార్థి ఒకడు ఆ మధ్య నాకొక ఉత్తరం రాశాడు. అతనితో కలిసి పనిచేసే ఒకాయన పూర్వీకులు ఐర్లండునుంచి వలస వచ్చినవాళ్లట. ఆయనకు పెళ్లి కుదిరింది. పెళ్లిలో కిల్టు కట్టుకోవాలని ఆయన ముచ్చట. కిల్టు అంటే నడుమునుంచి మోకాళ్లదాకా కుచ్చెళ్లు పోసి చుట్టుకునే వున్ని బట్ట. దానిమీద అడ్డం, నిలువు గళ్లుంటాయి. ఆ గళ్ల అమరికను టార్టన్ అంటారు. ఏ టార్టన్ ఎంచుకుంటే తన ఐరిష్ వంశానికి తగినట్టు వుంటుందో తేల్చుకోలేక ఆ పెండ్లికొడుకు నెలల తరబడి సతమతమవుతున్నాడట. ఇదంతా రాసి చివర నా విద్యార్థి ఒక ప్రశ్న వేశాడు: “మాస్టారూ, వాళ్లకు తాతల్ని గుర్తుచేసే గుడ్డ వుంది. మనకు అలాంటిదేమీ లేదేం?”

ఈ ఉత్తరం సంగతి కాలేజీలో ఇద్దరు మిత్రులతో చెప్పాను. ఇద్దరూ అభ్యుదయవాదులే. ఒకరు పకపకా నవ్వి, “ఐరిష్‌వాడికి కిల్టేమిటి? ఆ గళ్ల గుడ్డలన్నీ మిల్లు యజమానులు పుట్టించిన బూటకం. ఆ మాట రాసి పడెయ్యండి” అన్నారు. రెండవవారు గంభీరంగా తల పంకించి, “అలా తీసిపారెయ్యకండి. సామ్రాజ్యవాదం ఐర్లండు భాషనూ, వేషాన్నీ అణగదొక్కింది. అణగారిన జాతికి చెందినవాడు తన జాతి దుస్తులు ధరించడం ప్రతిఘటనే. ప్రజలు కల్పించుకున్నదైనా అది ప్రజాసంస్కృతే” అన్నారు. మొదటివారి మాటలో నిజం వుంది, సానుభూతి లేదు. రెండవవారి మాటలో సానుభూతి వుంది, నిజం లేదు. ఇద్దరూ పొరబడుతున్నారని నా అభిప్రాయం. ఇటువంటి పొరబాట్లు మన సాహిత్య విమర్శలోనూ నిత్యం జరుగుతున్నవే గనక, ఈ పరదేశపు గుడ్డను గురించి నాలుగు మాటలు రాయడం అనవసరం కాదనుకుంటాను.

ముందు ఆ పెండ్లికొడుకు ముందు పరిచిన సరుకేమిటో చూద్దాం. అంగడిలో ఆయనకు నాలుగు దారులు చూపిస్తారు. ఇంటిపేరునుబట్టి ఎంచుకోవడం మొదటిది. అయితే ఐరిష్ ఇంటిపేర్లలో టార్టన్ వున్నవి కొద్ది, అవీ కొత్తగా పుట్టినవే. పూర్వీకుల కౌంటీనిబట్టి ఎంచుకోవడం రెండవది. ఐర్లండులోని 32 కౌంటీలకూ ఒక్కొక్క టార్టన్ దొరుకుతుంది. అల్‌స్టర్ వంటి ప్రాంతాన్నిబట్టి ఎంచుకోవడం మూడవది. ఇవేవీ కుదరకపోతే గళ్లే లేని కుంకుమపువ్వు రంగు కిల్టు నాలుగవది. ఏది కొన్నా, అందులో తాతముత్తాతల ఆత్మ వుందన్న నమ్మకాన్ని ధరలో కలిపే అమ్ముతారు.

ఈ నాలుగింటి వయసెంత? కౌంటీ టార్టన్ల వరస 1996లో వచ్చింది. వాటిని గీసిందీ, నేసిందీ ఐర్లండు పల్లెటూళ్లు కావు, స్కాట్లండులోని వ్యాపార సంస్థ. అవి అమ్ముడుపోవడం చూసి ఇంకో మిల్లు అవే కౌంటీలకు వేరే గళ్లు గీసి పోటీకి దిగింది. కనక ఒకే కౌంటీకి చెందిన ఇద్దరన్నదమ్ములు చెరొక దుకాణానికి వెళ్తే చెరొక వంశచిహ్నంతో తిరిగివస్తారు! కుంకుమపువ్వు రంగు కిల్టు ఎక్కువగా కనిపించేది బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ పటాలాల వాద్యగాళ్ల ఒంటిమీద. అంటే ఏ రాజ్యం ఐరిష్‌వాణ్ణి అణచిందో ఆ రాజ్యపు యూనిఫారమే ఐరిష్‌వాడి సనాతన వేషంగా చలామణి అవుతున్నదన్నమాట.

అల్‌స్టర్ టార్టన్ కథ మరీ విచిత్రం. 1956లో డంగివెన్ దగ్గర ఒక రైతు పొలంలో, బురదనేలలో, పాతబట్టలు దొరికాయి. ఒక కోటు, ఒక పైదుప్పటి, గళ్లబట్టతో కుట్టిన ఒక లాగు. అవి 17వ శతాబ్దపు తొలి భాగానివని పండితులు అంచనా కట్టారు. ఐర్లండు నేలలో దొరికిన పాత టార్టన్‌కు ఇంత మంచి సాక్ష్యం మరొకటి లేదు. కాని ఆ బట్టలో వున్నది కిల్టు కాదు, లాగు! పైగా 1609నుంచి స్కాట్లండు వలసదార్లను తెచ్చి, స్థానికుల భూములు లాక్కుని వాళ్లకు పంచిపెట్టిన ప్రాంతం అది. ఆ లాగు తొడుక్కున్నవాడు భూమి పోగొట్టుకున్నవాడో, సంపాదించుకున్నవాడో ఎవరు చెప్పగలరు? ఆ గళ్లను చూసి తర్వాతవాళ్లు అల్‌స్టర్ టార్టన్ నేశారు. శతాబ్దాలపాటు బురదలో నాని గోధుమవన్నెకు తిరిగిన రంగులతో ఒకటి, మొదట ఎర్రగా వుండివుంటుందన్న వూహతో మరొకటి. బురద మరకను కూడా వంశ సంప్రదాయంగా నేసి అమ్మగల శక్తి వ్యాపారానికే వుంది.

మరి అసలు ఐరిష్ ప్రజలు ఏం కట్టుకునేవారు? 16వ శతాబ్దపు సంగతి మనకు బాగానే తెలుసు. లేన్య అనే నారబట్ట చొక్కా, దానిపైన బ్రాట్ అనే వున్ని దుప్పటి. 1537లో ఎనిమిదవ హెన్రీ ప్రభుత్వం ఇంగ్లీషు పద్ధతినీ, వేషాన్నీ, భాషనూ ఐర్లండుమీద రుద్దడానికి ఒక చట్టం చేసింది. కుంకుమపువ్వు రంగు అద్దిన చొక్కాలు తొడగరాదన్నది. ఒక చొక్కాకు ఏడు గజాలకు మించి గుడ్డ వాడరాదన్నది. ఆనాటి ఐరిష్‌వాడు నిజంగా పోగొట్టుకున్న బట్ట ఇది. ఈ చొక్కాను తన పెళ్లిలో తొడుక్కుంటానన్న ప్రవాసి చాలా అరుదు. పోయినదాన్ని అడగడం మానేసి, తనది కానిదాన్ని నాదని కొనుక్కుంటున్నాడు.

ఐర్లండులోకి కిల్టు ఎలా వచ్చింది? 19వ శతాబ్దం చివర భాషోద్ధరణకు పూనుకున్న జాతీయవాదులకు ఒక జాతీయ వేషం కావలసివచ్చింది. పి. డబ్ల్యు. జాయిస్ వంటి పండితులు ప్రాచీన ఐర్లండులో కిల్టు వుండేదని రాశారు. ఆయన సాంఘిక చరిత్ర 1903లో అచ్చయింది. 1943లో మెక్లింటాక్ అనే పరిశోధకుడు పాత శిల్పాలూ, చిత్రాలూ, రాతలూ పరిశీలించి ఆ ఆధారాలు నిలవవని తేల్చాడు. వాళ్లు కిల్టు అనుకున్నది చాలాచోట్ల నడుముదగ్గర బిగించిన చొక్కా అంచు.

ఇక్కడ నా రెండవ మిత్రుడు ఆపి, “పోనీ, ఐర్లండుకు కొత్తదైతేనేం? స్కాట్లండులోనైనా ప్రాచీనమే కదా? ఇద్దరూ గేలిక్ జాతివాళ్లే కదా?” అనవచ్చు. అదీ చూద్దాం.

గళ్లబట్ట స్కాట్లండులో పాతదే. గ్లెన్ ఆఫ్రిక్ అనే చోట బురదలో దొరికిన ఒక టార్టన్ ముక్క 16వ శతాబ్దానిదని 2023లో ప్రకటించారు. పడమటి దీవులను గురించి 1703లో గ్రంథం ప్రచురించిన మార్టిన్ మార్టిన్, దుప్పటి గళ్లనుబట్టి మనిషి ఏ ప్రాంతంవాడో పోల్చుకోవచ్చునన్నాడు. ప్రాంతమన్నాడేగాని వంశమనలేదు. అది సహజమే. ఏ చెట్టు బెరడు ఎక్కడ దొరికితే అక్కడి నేతగాడు ఆ రంగు అద్దాడు. 1746లో కలోడెన్ యుద్ధం జరిగింది. ఆ పోరాటాన్ని డేవిడ్ మోరియర్ చిత్రించాడు. ఆ బొమ్మలోని హైలండ్ సైనికుల ఒంటిమీద ఒకరికొకరికి పొంతన లేని గళ్లున్నాయి. ఒకే మనిషి కోటుకు ఒక రకం, దుప్పటికి మరొక రకం. వంశానికొక టార్టన్ అనే శాసనమే వుంటే ఆ బొమ్మ అసాధ్యం. ఇక కుచ్చెళ్లు కుట్టిన పొట్టి కిల్టును, పెద్ద దుప్పటి పనికి అడ్డమవుతున్నదని, ఇనుపకొలిమి నడిపే రాలిన్‌సన్ అనే ఇంగ్లీషు యజమాని 18వ శతాబ్దం తొలి దశకాలలో తయారుచేయించాడని 1785లో అచ్చయిన ఒక లేఖ చెబుతున్నది. అంతకు ముందే అది వుందని వాదించేవాళ్లూ వున్నారు. ఆ లేఖ నిజమైతే, ప్రపంచమంతా వీరుల వేషంగా మెచ్చుకునే కిల్టు కార్ఖానా కూలీల పనిబట్ట అవుతుంది. నా మటుకు నాకు అది దాని గౌరవానికి భంగమని తోచదు.

కలోడెన్‌లో తిరుగుబాటు అణగిపోయిన తర్వాత ప్రభుత్వం హైలండ్ వేషాన్ని నిషేధించింది. మొదటిసారి పట్టుబడితే ఆరునెలల ఖైదు. రెండవసారి పట్టుబడితే ఏడేళ్లు సముద్రం అవతలికి ప్రవాసం. ఈ చట్టానికి ఒక మినహాయింపు వుంది. రాజుగారి సైన్యంలో చేరినవాళ్లకు నిషేధం లేదు. తన కొండలో తాను కట్టుకుంటే నేరమైన బట్ట, తుపాకి పట్టి ఇతరుల దేశానికి వెళ్తే రాజభక్తి! నిషేధాన్ని 1782లోగాని ఎత్తివెయ్యలేదు. అంతకు రెండేళ్లముందే, 1780లో, మెక్లాయిడ్ ప్రభువు సమకూర్చిన హైలండ్ పటాలం మద్రాసులో దిగింది. హైదరలీమీద యుద్ధానికి దిగింది. ఆ యేడే పొల్లిలూరులో ఆ పటాలపు కెప్టెన్ బేర్డ్ ఖైదీగా చిక్కాడు. 1799లో శ్రీరంగపట్టణపు కోటమీద దాడికి నాయకత్వం వహించింది ఆ బేర్డే. టార్టన్‌తో మనకు పరిచయం ఇలా జరిగింది.

ఇప్పుడు వంశాల సంగతి. 1815లో లండన్‌లోని హైలండ్ సొసైటీ వంశాధిపతులందరికీ కబురు పంపింది: మీ మీ వంశపు అసలైన టార్టన్ నమూనాలు ముద్రవేసి పంపండి అని. చాలామందికి తమ టార్టన్ ఏదో తెలియదు! ఊళ్లో ముసలివాళ్లను అడిగినవాళ్లు కొందరు, బానక్‌బర్న్‌లోని విల్సన్ నేత కంపెనీని అడిగినవాళ్లు కొందరు. ఆ కంపెనీ దగ్గర నంబర్లతో నమూనాలున్నాయి. గిరాకీనిబట్టి నంబరు తీసి పేరు తగిలించారు. 1822లో నాలుగవ జార్జి రాజు ఎడింబరో వచ్చినప్పుడు ఆ తతంగమంతా నడిపినవాడు నవలాకారుడు వాల్టర్ స్కాట్. పెద్దమనుషులందరినీ వంశానికొక టార్టన్ కట్టుకు రమ్మన్నాడు. హానోవర్ వంశపు రాజు స్థూలకాయానికి కూడా కిల్టు చుట్టి, కాళ్లకు లేతగులాబి మేజోళ్లు తొడిగారు. 1842లో సోబియెస్కీ స్టూవర్టులమని చెప్పుకున్న ఇద్దరు సోదరులు ప్రాచీన తాళపత్రం వంటి దొకటి తమకు దొరికిందని వెస్టియారియమ్ స్కోటికమ్ అనే గ్రంథం అచ్చువేశారు. అది దొంగప్రతి. అందులోని గళ్లు మాత్రం ఈనాటికీ అమ్ముడుపోతున్నాయి.

విల్సన్ కంపెనీ లెక్కలనుంచి ట్రెవర్-రోపర్ అనే చరిత్రకారుడు ఒక ఉదాహరణ ఎత్తి చూపాడు. మెక్‌ఫెర్సన్ వంశపు టార్టన్‌గా ఒక వంశాధిపతికి అందిన నమూనా అంతకుముందు కిడ్ అనే పేరుతో వుండేది. ఆ కిడ్ వెస్టిండీస్‌లోని తన బానిసలకు బట్టలకోసం దాన్ని టోకున కొన్నాడు. అంతకుముందు దాని పేరు 155వ నంబరు. ఇది చదివిన తర్వాత నాకు ఒక సందేహం కలిగింది. ముందుగా ఆ గళ్లు ధరించి, ఆ గళ్లలో చెమటోడ్చి, ఆ గళ్లలోనే చచ్చినవాళ్లు ఆ బానిసలు. వారసత్వమంటూ వుంటే న్యాయంగా అది వాళ్ల పిల్లలది కాదా? ఆ మాట ఏ దుకాణదారూ చెప్పడు. బానిస తాత కావాలని ఎవరూ డబ్బిచ్చి కొనరు.

వేషం ఇలా పుట్టుకొస్తున్న కాలంలోనే మనుషులు ఏమవుతున్నారు? మార్క్స్ పెట్టుబడి గ్రంథం మొదటి సంపుటంలో సదర్లండ్ ప్రభ్వి కథ చెప్పాడు. 1814నుంచి 1820దాకా ఆమె ఎస్టేటునుంచి 15,000 మందిని, అంటే దాదాపు 3,000 కుటుంబాలను, వెళ్లగొట్టారు. ఇళ్లకు నిప్పు పెట్టారు. ఆ నేలమీద 1825నాటికి 1,31,000 గొర్రెలు మేశాయి. ఆ గొర్రెల వున్ని మిల్లులకు వెళ్లింది. గ్లెన్‌గారీ వంశాధిపతి మెక్‌డోనెల్ అయితే ఎప్పుడూ హైలండ్ వేషంలోనే తిరిగేవాడు. రేబర్న్ చేత ఆ వేషంలో నిలువెత్తు చిత్రం గీయించుకున్నాడు. 1815లో నిఖార్సయిన హైలండర్ల సంఘమొకటి పెట్టాడు. 1822 ఉత్సవంలోనూ ముందు వరసలో వున్నాడు. తన రైతులను నేలనుంచి తరిమేసినవాళ్లలోనూ ఆయన ముందు వరసలోనే వున్నాడు. తెగకు నాయకుడుగా వున్నవాడు భూస్వామిగా మారినప్పుడు, తెగ భూమి సొంత ఆస్తి అయింది. తెగ మనుషులు అడ్డమయ్యారు. మనుషులు వెళ్లిపోయి గళ్లు మిగిలాయి. వంశం చచ్చిపోయిన చోటే వంశచిహ్నం పుట్టింది. ఇది కాకతాళీయం కాదు.

నేసినవాళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. 1820లో స్కాట్లండు కార్మికులు ఓటుహక్కు కోసం, కూడు కోసం తిరగబడ్డారు. బానీమ్యూర్ దగ్గర సైన్యం వాళ్లను చెదరగొట్టింది. సెప్టెంబరు 8న ఆండ్రూ హార్డీ, జాన్ బేర్డ్ అనే ఇద్దరిని స్టిర్లింగ్‌లో వురితీసి తలలు నరికారు. ఇద్దరూ నేతగాళ్లు. స్టిర్లింగ్‌కు కూతవేటు దూరంలోనే వుంది బానక్‌బర్న్. నేతగాళ్ల తలలు తెగిన రెండేళ్లకు ఆ ప్రాంతపు మగ్గాలు రాజుగారి రాకకోసం పండగబట్ట నేశాయి. టార్టన్‌లో ప్రజల చరిత్ర వుందని నా మిత్రుడు అంటే నేను కాదనను. వుంది. అయితే అది గళ్లలో లేదు, గళ్ల వెనక వుంది.

ఇప్పుడు మొదటి మిత్రుని వంతు. ఆయన నవ్వు ఇంకా ఆగలేదు. పైన నేను చెప్పిన వాటిలో చాలా సంగతులు ఆయన వాదాన్ని బలపరిచేవే. అయితే ఈ నవ్వు ఎక్కడినుంచి వచ్చిందో కూడా చూసుకోవాలి. సంప్రదాయాల కల్పన అనే సంపుటాన్ని 1983లో హాబ్స్‌బామ్, రేంజర్ సంకలనం చేశారు. హాబ్స్‌బామ్ మార్క్సిస్టు. ఆ సంపుటంలో హైలండ్ వేషాన్ని చీల్చి చెండాడిన వ్యాసం రాసిన ట్రెవర్-రోపర్ మార్క్సిస్టు కాదు సరిగదా, స్కాట్లండుకు స్వపరిపాలన ఇవ్వకూడదన్న పట్టుదల వున్న కన్సర్వేటివ్. ప్రజలకు చరిత్ర లేదని తేలిస్తే హక్కులు కూడా లేవని తేల్చవచ్చునని ఆ వర్గపు ఆశ. దొంగప్రతులను పట్టుకోవడంలో దిట్ట అయిన ఆ పెద్దమనిషే అదే 1983లో హిట్లర్ దినచర్య పుస్తకాలని ఎవరో అల్లిన దొంగప్రతులను అసలువని ధ్రువపరిచి నవ్వులపాలయ్యాడు. ఆయన చూపిన ఆధారాలను తీసుకుందాం. ఆయన నవ్వును తీసుకోనక్కరలేదు.

ఎందుకంటే, ఆ పెండ్లికొడుకు ఆకలి అబద్ధం కాదు. 1845నుంచి 1852దాకా ఐర్లండులో బంగాళాదుంప పంట కుళ్లి మహాక్షామం వచ్చింది. పది లక్షలమంది చనిపోయారు. అంతకు తక్కువ కాని సంఖ్యలో దేశం విడిచిపోయారు. అదే కాలంలో ధాన్యమూ, పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూనే వున్నాయి. అమెరికాలో తాము ఐరిష్ సంతతివాళ్లమని చెప్పుకునేవాళ్లు ఈనాడు మూడు కోట్లకు పైగా వున్నారు. వాళ్లలో ఎంతమందికి తాత పుట్టిన వూరు తెలుసు? తెలుసుకుందామన్నా దస్తావేజులు లేవు. 1861, 1871 సంవత్సరాల జనాభా లెక్కల కాగితాలను ప్రభుత్వమే నాశనం చేసింది. 1881, 1891 లెక్కలను మొదటి ప్రపంచయుద్ధ కాలంలో గుజ్జు చేసింది. అంతకుముందరి నాలుగు లెక్కల కాగితాలలో అత్యధిక భాగం 1922లో డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ మంటల్లో కాలిపోయింది. తరిమివేయబడినవాడి మనవడికి తాత పేరు కూడా దక్కలేదు. ఆ ఖాళీ నిజం. ఆ బాధ నిజం. ఆ ఖాళీని నింపుతానని వచ్చిన సరుకు మాత్రమే అబద్ధం. బాధను వెక్కిరించి సరుకును ఓడించలేము. వెక్కిరింత తిన్నవాడు ఇంకా గట్టిగా ఆ గుడ్డను కరుచుకుంటాడు.

ఇక రెండవ మిత్రుని వాదం. అది గట్టిది గనక గట్టిగానే జవాబు చెప్పాలి. “కల్పితమైతేనేం? పాట్రిక్ పియర్స్ తన బడిపిల్లలకు కిల్టు తొడిగించాడు. 1916లో విప్లవం చేసి ప్రాణమిచ్చాడు. ఆయనకు పనికివచ్చిన గుడ్డ మనకు చేదా?” అని ఆయన అడుగుతారు.

పియర్స్ నిజాయితీ గమనించండి. 1900లో ఒక మిత్రునికి రాసిన లేఖలో ఆయన ఈ విషయమే చర్చించాడు. మ్యూజియంలో వున్న పాత ఐరిష్ లాగును చూసివచ్చి, ప్రామాణికత తక్కువైనా సరే, ఆ లాగుకంటే కిల్టే నయమన్నాడు. అంటే ఇది పాతది అని తన్ను తాను మోసగించుకోలేదు. ఒక ఉద్యమానికి ఒక గుర్తు కావాలి, ఇది బాగుంది, వాడుకుందాం అన్నాడు. కల్పన రెండు రకాలు. రేపటికోసం కల్పించుకుని, కల్పించామని ఒప్పుకునేది ఒకటి. ఇవాళ కల్పించి నిన్నటిదని అమ్మేది రెండవది. మొదటిది మనిషిని ఒక పనికి పురికొల్పుతుంది. రెండవది ఆ పని ఎప్పుడో తాతలు చేసేశారు, నువ్వు కొనుక్కుంటే చాలు అంటుంది. పియర్స్ కిల్టును చూపి దుకాణపు కిల్టును సమర్థించడం, సత్యాగ్రహి ఖద్దరును చూపి మంత్రిగారి ఖద్దరును సమర్థించడం వంటిది.

ప్రజలు కల్పించుకున్నదని కూడా నా మిత్రుడు అన్నారు. ప్రజలు ఎక్కడ కల్పించారు? సొసైటీ అడిగింది, మిల్లు గీసింది, రాజు కట్టాడు, భూస్వామి చిత్రం గీయించుకున్నాడు. ప్రజలు నేశారు, వెళ్లగొట్టబడ్డారు, ఆ తర్వాత వాళ్ల మనవలు కొన్నారు. ప్రజల చేత కొనిపించిన ప్రతిదీ ప్రజాసంస్కృతి అయితే, ఈ లోకంలో ప్రజాసంస్కృతి కానిదేమీ మిగలదు.

మరి ఐరిష్ పేదలకూ, స్కాట్లండు పేదలకూ నిజమైన చుట్టరికం ఎక్కడ వుంది? వుంది. మైకేల్ డేవిట్ 1846లో మేయో కౌంటీలో పుట్టాడు. 1850లో అతని కుటుంబాన్ని భూస్వామి వెళ్లగొట్టాడు. లాంకషైరు చేరుకున్నారు. 1857లో, పదకొండేళ్ల వయసులో, నూలుమిల్లు యంత్రంలో పడి అతని కుడిచెయ్యి పోయింది. 1879లో ఆ ఒంటిచేతి మనిషే లాండ్ లీగ్ స్థాపించి ఐర్లండు కౌలురైతులను ఏకం చేశాడు. స్కాట్లండులోని స్కై దీవినుంచి చేపలవేటకు ఐర్లండు తీరానికి వెళ్లిన పేదరైతులు లీగ్ సంగతులు విని ఇంటికి తీసుకువెళ్లారు. 1882లో అదే దీవిలో, బ్రేస్ అనే చోట, నోటీసులు తగలబెట్టి గ్లాస్గోనుంచి వచ్చిన పోలీసులను స్త్రీలూ, పురుషులూ రాళ్లతో ఎదుర్కొన్నారు. 1886లో పార్లమెంటు వాళ్లకు భూమిమీద స్థిరమైన కౌలుహక్కు ఇవ్వక తప్పలేదు. 1887లో డేవిట్ స్కై వెళ్లి వాళ్లమధ్య మాట్లాడాడు. ఐర్లండునుంచి స్కాట్లండుకు నిజంగా దాటిన వారసత్వం ఇది. దీనికి గళ్లు లేవు.

జేమ్స్ కానలీని తీసుకోండి. తల్లిదండ్రులు ఐరిష్, ఆయన పుట్టింది 1868లో ఎడింబరో మురికివాడలో. ఐరిష్ రక్తమూ, స్కాట్లండు జన్మా రెండూ వున్నాయి గనక, దుకాణదారుడి లెక్కప్రకారం ఈ భూమిమీద టార్టన్ కిల్టుకు అంతకంటే అర్హుడు లేడు. ఆయన తండ్రి నగరంలో పెంట తోలే బండివాడు. ఏ వంశాధిపతి టార్టన్ కట్టాలి ఆయన? 1910లో ఆయన రాసిన ఐరిష్ చరిత్రలో శ్రమ అనే గ్రంథం ప్రభువుల కథను పక్కకు నెట్టి కూలివాడి కథ చెప్పింది. 1916 మే 12న గాయపడి నిలబడలేని ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి కాల్చి చంపారు.

మన దేశానికి కూడా ఈ వారసత్వంలో ఒక పాయ వచ్చింది. 1920 జూన్‌లో జలంధర్‌లో వున్న కానాట్ రేంజర్స్ పటాలంలోని ఐరిష్ సిపాయీలు, తమ దేశంలో బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాల వార్తలు విని, ఆయుధాలు కిందపెట్టారు. తిరుగుబాటు సోలన్‌కు పాకింది. ఇరవయ్యేళ్ల జేమ్స్ డేలీని నవంబరు 2న డగ్షాయి జైలులో కాల్చి చంపారు. అంతకుముందు ఏడాదే జలియన్‌వాలాబాగ్ జరిగిన నేల అది. ఆ కుర్రాడు విప్పి పారేసినది కూడా ఒక వేషమే. పూర్వీకులు తొడిగిన వేషాలను లెక్కించేవాళ్లు, పూర్వీకులు విప్పి పారేసిన వేషాలను కూడా లెక్కించాలి.

ఇక నా విద్యార్థి ప్రశ్న. మనకు అలాంటి గుడ్డ లేదేం అని అడిగాడు. లేకపోవడం మన అదృష్టం అనబోయి ఆగాను. గుడ్డ లేదు గాని ఆ జబ్బు మనకు లేదా? 1901 జనాభా లెక్కల్లో రిస్లీ కులాలను సాంఘిక హోదానుబట్టి వరసగా పేర్చాలని తలపెట్టినప్పుడు, దేశమంతటా కులసంఘాలు పురాణాలు చేతబట్టుకుని వినతిపత్రాలతో బయలుదేరాయి. మేము ఫలానా రాజుల సంతతివాళ్లమని ఒకరు, ఫలానా ఋషి గోత్రీకులమని మరొకరు. 1815లో లండన్ సొసైటీ అడిగితే వంశాధిపతులు టార్టన్ వెతుక్కున్నట్టే, సర్కారు అడిగితే మనవాళ్లు తాతలను వెతుక్కున్నారు. ఈనాటికీ కులసంఘం సభల్లో ఆ కిరీటాల బొమ్మలే. ఆ బొమ్మల్లో నాగలి పట్టినవాడు ఒక్కడూ కనిపించడు. స్కాట్లండును చూసి నవ్వే హక్కు మనకు అంత తేలికగా రాదు.

గుడ్డను గురించి అడిగాడు గనక గుడ్డ సంగతే చెబుతాను. మన చీరాల ప్రాంతపు నేతగాళ్లు నేసిన గళ్లబట్ట మద్రాసు రుమాలు అనే పేరుతో ఆఫ్రికా పడమటి తీరానికి వెళ్లేది. నైజీరియాలోని కలబారీ ప్రజలు దక్షిణభారతం నుంచి వచ్చిన ఇటువంటి గళ్లబట్టను ఇంజిరి అంటారు. పుట్టుకకూ, చావుకూ అది లేనిదే వాళ్లకు జరగదు. దాని నేతలోంచి దారాలు కోసి తీసి, కొత్త నమూనాలు తామే సృష్టించుకున్నారు. బయటినుంచి వచ్చిన బట్టను తమ చేతిపనితో తమది చేసుకున్నారు. ప్రజాసంస్కృతికి ఉదాహరణ కావాలంటే నా రెండవ మిత్రుడు అక్కడ వెతకాలి.

నా విద్యార్థికి ఇలా జవాబు రాశాను. ఆ పెండ్లికొడుకును కిల్టు కట్టుకోవద్దని చెప్పకు. పెళ్లినాడు మనిషి తనకు నచ్చిన గుడ్డ కట్టుకుంటాడు. నీకూ నాకూ అభ్యంతరమేమిటి? రంగు నచ్చితే కొనుక్కోమను. కాని అది తాతది అనుకుని కొనుక్కోవద్దని చెప్పు. ఆయన తాత ఐర్లండు వదిలేనాటికి ఆయన ఒంటిమీద గళ్లుండివుండవు. అప్పుడు ఐర్లండు పేదల ఒంటిమీద వున్నవి చిరుగులు. ఆ తాత ఏ భూస్వామికి ఎంత కౌలు కట్టాడో, ఎందుకు కట్టలేకపోయాడో, ఏ ఓడ ఎక్కాడో వెతకమను. దొరకకపోతే, ఎందుకు దొరకలేదో, ఆ కాగితాలను ఎవరు గుజ్జు చేశారో తెలుసుకోమను. అదీ ఆయన వంశ చరిత్రే. నువ్వు కూడా సెలవులకు వూరికి వచ్చినప్పుడు మీ తాతను ఒక మాట అడుగు. ఏ రాజుల సంతతివాళ్లమని కాదు. ఎవరి పొలంలో, ఎంత కూలికి పనిచేశావని అడుగు.

ఆ ఉత్తరానికి ఇంకా జవాబు రాలేదు.